యూలీన్ పరిచిన పిచ్

లా బ్రేయా ఊరివాళ్లకు మాటల విషయంలో పొదుపెక్కువ. ఊరి పక్క తారు చెరువులో నల్లగా, తీరుబడిగా ఉబికి వచ్చేది పిచ్. దాన్ని తవ్వి పరిచిన రోడ్డూ పిచ్చే. పిల్లలు గోలీ విసిరితే అదీ పిచ్. ఖాళీ పీపాను స్టీల్ డ్రమ్ము చేసి, సుత్తితో కొట్టి కొట్టి పలికించే స్వరస్థాయి కూడా అదే. క్రికెట్ మైదానం మధ్యలో నారచాప పరిచే పట్టీ సంగతి సరేసరి. చేపలమ్మే మనిషి గంప దించుకునే చోటుకైనా వేరే పేరు పెడదామన్న ఓపిక ఎవరికీ లేకపోయింది. ఒక్క మాట నెత్తిన ఇంత చాకిరీ వేసినందుకు ఊళ్లో ఎవరూ సిగ్గుపడిన దాఖలా లేదు. తికమకా లేదు. చెప్పేవాడి చేతులు చూస్తే ఏ పిచ్ గురించి మాట్లాడుతున్నాడో తెలిసిపోతుంది.

ఈ అర్థాలన్నిటిలోనూ కాపురం చేసిన మనిషి యూలీన్ థార్న్. తండ్రి చెరువులో తారు తవ్వాడు. చిన్నప్పుడు ఆమె వీధిలో మగపిల్లల గోలీలన్నీ గెలుచుకుని, ఏడ్చిన వాళ్లకు మాత్రం సగం తిరిగిచ్చింది. పెద్దయ్యాక రోడ్డువార చేపల గంప పెట్టింది. డ్రమ్ములకు స్వరాలు కట్టే క్లెవిస్‌ను పెళ్లాడి, సుత్తి మోతలో నిద్రపోవడం నేర్చుకుంది.

యాభై దాటాక ఆమెకు మిగిలిన అర్థం మీద కన్నుపడింది. మైదానం చూసుకునే ముసలాయన కూతురి దగ్గరికి వెళ్లిపోతే, ఆ పని తనకిమ్మని క్లబ్బును అడిగింది.

"ఆడమనిషి పిచ్ చూడటమేమిటి టాంటీ?" అన్నాడు కెప్టెన్ సెల్విన్. ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లందరూ అతనికి టాంటీలే.

"నేల కింద తారు కదిలి నా ఇల్లు ఏటా ఒక పక్కకి ఒరుగుతుంది. జాకీ పెట్టి నిలబెడుతున్నది ఎవర్రా? మీ అంకులా?"

ఆ అంకుల్, అంటే క్లెవిస్, వానలు వెలిశాక మంచం మీద తల ఎటు పెట్టాలో తేల్చుకోవడం తప్ప ఇంటి వాలు విషయంలో మరే శ్రమా తీసుకోడన్నది జగమెరిగిన సత్యం. పని యూలీన్‌కే ఇచ్చారు.

ఆమెకు ఆటలో పెద్ద ప్రవేశం లేదు. కానీ వారంలో ఆరు రోజులు గోళ్ల దాకా నల్లగా ఉండే ఆమె తండ్రి ఆదివారం తెల్లబట్టలు వేసుకుని నిలబడింది ఆ మైదానంలోనే. ఇప్పటి జట్టులోనూ సగం మంది చెరువులో తవ్వేవాళ్లే. అందుకే, సీజను ముందు తనిఖీలో పిచ్ నెగ్గకపోతే సొంత మ్యాచులన్నీ పక్క ఊరికి మార్చేస్తామని లీగు కబురు పంపినప్పుడు, మిగతావాళ్లు లీగును తిట్టారు గానీ ఆమె గునపం తీసింది. సొంత మైదానం పోయిన జట్టు ఏడాది తిరక్కుండా చెదిరిపోతుందని అందరికీ తెలుసు.

తనిఖీ శుక్రవారం. ఆ వారం సోమవారం నాడు సెల్విన్‌కు ఒక ఘనమైన ఆలోచన వచ్చింది. రోడ్డు పనివాళ్లను బతిమాలి పెద్ద రోలర్ తెచ్చాడు. పిచ్ అద్దంలా తయారైంది. ఆ విజయానికి తగిన మర్యాద చేయడానికి బృందమంతా రమ్ము దుకాణానికి తరలింది. రోలర్ అక్కడే ఉండిపోయింది.

లా బ్రేయా నేల మీద బరువైనదాన్ని ఎండలో ఒకచోట వదలకూడదని పాలు తాగే పిల్లకైనా తెలుసు. తెలిసినవాళ్లు కాబట్టే, ఎవడో ఒకడు పక్కకు తీసి ఉంటాడని ప్రతివాడూ నిశ్చింతగా తాగాడు.

మంగళవారం పొద్దున సెల్విన్ చేపల గంప ముందు నిలబడ్డాడు.

"పోయింది టాంటీ. అంతా పోయింది."

"ఎంత లోతు?"

"ఇరుసు దాకా."

"లాగారా?"

"లాగాం. తాడు తెగింది. మావాళ్లు వెల్లకిలా పడ్డారు. రోలర్ మాత్రం ఇంకాస్త సుఖంగా సర్దుకుంది."

"నువ్వు పుట్టినప్పుడే మీ అమ్మతో అన్నాను, వీడికి కాళ్లు బలం, తల అలంకారం అని." యూలీన్ గంప మీద గోనె కప్పి లేచింది. "అది కదలకపోతే పిచ్చే కదులుతుంది. పద."

కంచె గుంజలు అన్ని మూలలా తాగినవాళ్లలా తూలుతున్నాయి. వాటిలో కాస్త నిటారుగా ఉన్నవి తూర్పు వైపువి. నేల కదలిక అక్కడ తక్కువన్నమాట. అక్కడ యూలీన్ కొత్త పట్టీకి కొలతతాడు పట్టింది. పన్నెండేళ్లవాడి నుంచి పాస్టరు దాకా దొరికినవాళ్లందరిచేతా మట్టి మోయించింది. బుధవారం సాయంత్రానికి పట్టీ లేచింది. ఇక దాన్ని అణగదొక్కాలి. ఉన్న ఒక్క రోలర్ భూగర్భ పరిశోధనలో ఉంది.

నీళ్లు నింపిన ఇనప పీపా ఆ పని చేయగలదు. అయితే ఊళ్లో ఉన్న పీపాలన్నిటినీ క్లెవిస్ కోసి, కాల్చి, కొట్టి వాయిద్యాలు చేసేశాడు. కోయకుండా మిగిలింది ఒక్కటే. అది వాళ్ల పెరట్లో, వర్షం పడకుండా రేకు కింద, ఇంట్లో మనుషులకు లేని సదుపాయాలతో ఉంది.

"అది బాస్ డ్రమ్ము కోసం దాచుకున్నది," అన్నాడు క్లెవిస్. "కార్నివాల్ మూడు వారాల్లో పడింది."

"శుక్రవారం ఎల్లుండే పడింది. ఏది ముందు?"

"దొర్లిస్తే సొట్ట పడుతుందే! సొట్టపడ్డ రేకు చచ్చినా పిచ్‌కి రాదు."

"దొర్లించకపోతే నా పిచ్ మీద కోళ్లను మేపుకోవాలి."

"నా సంగీతమంటే నీకెప్పుడూ చులకనే, యూలీన్."

"ఇన్నేళ్లు నా నిద్రలో సుత్తితో కొట్టావు. చులకనైతే ఆ సుత్తితో నేనేం చేసేదాన్నో ఆలోచించుకో."

క్లెవిస్ ఆలోచించుకున్నాడు. పీపా బయలుదేరింది. దాని క్షేమం చూసేందుకు వెనకే అతనూ బయలుదేరాడు. మైదానంలో మొదటి అరగంట పక్కన నిలబడి శోకాలు పెట్టాడు. "ఒరేయ్, మెల్లగా! అది మీ అత్తగారు కాదురా! రాయి, రాయి చూడు!" చివరికి ఎవరినీ నమ్మలేక అందరినీ అవతలికి నెట్టి, గురువారం సూర్యాస్తమయం దాకా తానే దొర్లించాడు. సొట్ట పడలేదు. అతని నడుం మాత్రం నిలబడలేదు.

శుక్రవారం లీగు తరఫున వచ్చిన డెవ్నిష్ గారు పోస్టుమాస్టరుగా రిటైరైన సన్నటి మనిషి. నేల సమంగా ఉందో లేదో బుడగతో చూపే బద్దను మెత్తటి గుడ్డలో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు తెచ్చారు. ముందుగా ఆయన దృష్టి మైదానంలో సగం మునిగిన యంత్రం మీద పడింది.

"అదేమిటి?"

"బౌండరీ అండీ," అంది యూలీన్.

"నిబంధనల్లో బౌండరీగా రోలర్ అని ఎక్కడా లేదు."

"కూడదని ఉందా అండీ?"

ఆయన ఆకాశం వంక చూసి నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. "లేదు," అని ఒప్పుకుని పిచ్ దగ్గరికి నడిచారు. బద్దను ఒక చివర పెట్టారు. బుడగ మధ్యలో నిలిచింది. రెండో చివర పెట్టారు. బుడగ మెల్లగా, అయిష్టంగా, గీత దాటి పోయింది.

"పొద్దున సరిగ్గానే ఉంది సార్!" అన్నాడు సెల్విన్.

"నేను వచ్చింది మధ్యాహ్నం, నాయనా."

యూలీన్ చెప్పులు విడిచి చాప మీదకి ఎక్కి, అరికాళ్లతో ఆ చివర అంతా తడిమింది. "చీకటి పడేలోపు మళ్లీ కొలుస్తారా అండీ?"

"వెలుగు ఉన్నంతవరకు కొలవడం నా విధి, యూలీన్ గారూ."

ఆయనను నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, చేతికి మాబీ గ్లాసు ఇచ్చారు. చెట్టు బెరడుతో కాచిన ఆ చేదు పానీయాన్ని ఆయన ముఖంలో ఏ మార్పూ లేకుండా తాగారు. ఇటు చాప లేచింది. యూలీన్ మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీకింది, చల్లింది, అరచేత్తో అద్దింది. "ఇటు," అంటే క్లెవిస్ ఇటు దొర్లించాడు. "ఇంకోసారి," అంటే ఇంకోసారి. ఆరోసారికి అతను నడుం పట్టుకుని ఏదో అన్నాడు గానీ, పాస్టరు అక్కడే ఉండటం వల్ల అది దగ్గుగా మారింది. చాప మళ్లీ పరిచి మేకులు దిగ్గొట్టారు.

బుడగ కదిలింది, తటపటాయించింది, మధ్యకు వచ్చి ఆగింది. ఊరు కేక పెట్టబోయింది. డెవ్నిష్ గారు చెయ్యెత్తారు.

"రేపటి మ్యాచికి ఒప్పుకుంటున్నాను. సీజను మొత్తానికి ఒప్పుకోలేను. ఈ నేల మాట మీద నిలబడే రకం కాదు. ప్రతి మ్యాచికీ ముందురోజు వచ్చి కొలుస్తాను. ఒక్కసారి తప్పితే ఆట పక్క ఊరికి వెళుతుంది."

సెల్విన్ ముఖం రోలర్‌లా కుంగింది. "ప్రతి వారమా? మనవల్ల అవుతుందా టాంటీ?"

"వానొచ్చినా వస్తారా అండీ?" అని అడిగింది యూలీన్ అతన్ని పట్టించుకోకుండా.

"వానొచ్చినా."

"అయితే ఆ బూట్లతో రాకండి. పాడైపోతాయి."

శనివారం మ్యాచ్ జరిగింది. లా బ్రేయా ఓడింది. కానీ సొంత ఊళ్లో, సొంత చాప మీద ఓడింది కాబట్టి ఆ రాత్రి ఎవరూ పెద్దగా బాధపడలేదు.

సోమవారం యూలీన్ చేపలు అమ్ముకుని ఇంటికి వచ్చేసరికి పెరట్లో సుత్తి మోత వినపడుతోంది. బాస్ డ్రమ్ము పని మొదలైందనుకుంది. వచ్చే శుక్రవారానికి పీపా ఎక్కడ దొరుకుతుందా అని, గంప దించకుండానే లెక్కలు వేసుకుంటూ వెనక్కి నడిచింది.

క్లెవిస్ పీపాకు రెండు వైపులా నడిమధ్య బెజ్జాలు కొట్టాడు. వాటిలోంచి ఒక ఇనప గొట్టం దూర్చి, దానికి పిడి బిగిస్తున్నాడు. రేకు చిరిగిన పీపా ఇక రోలరే; ఏ సంగీతానికీ పనికిరాదు.

ఆమె గొట్టం చుట్టూ చిరిగిన రేకును వేలితో తడిమింది. "మీ బ్యాండువాళ్లు ఏమన్నారు?"

"తిట్టారు. ఈ ఏడు ఒక బాస్ తక్కువతో వాయిస్తాం." తల ఎత్తకుండా గొట్టం మీద ఇంకో దెబ్బ వేశాడు. "ఇసుక తెప్పించవే. నీళ్లు పోస్తే ఇక్కడ కారిపోతాయి."

యూలీన్ గంప గోడవార పెట్టి, పార అందుకుని సముద్రం వైపు నడిచింది.