నాలుగు వేళ్ళ సందు

గ్యాసు పొయ్యిలు, హీటర్లు బాగుచేసే ఆయన్ని ఆ వీధంతా నాలుగువేళ్ళాయన అంటుంది. వేళ్ళు తక్కువై కాదు, పదీ ఉన్నాయి. ఎవరింట్లో హీటరు పెట్టినా కిటికీ రెక్క కాస్త తెరిచి, సందులో నాలుగు వేళ్ళు దూర్చి, "ఇంత తెరిచుండాలి" అని చెప్పందే గడప దాటడు. వెచ్చదనం కొనుక్కుని వీధికి పంచిపెట్టమనేవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు?

చదివింది ఐదో తరగతి. ముప్ఫై ఏళ్ళలో ఆయన చేయి పడిన ఇల్లు ఒక్కటీ కాలలేదు, ఒక్క మనిషీ పడిపోలేదు. జరగని ప్రమాదానికి దండలు వేసేవారుండరు కనుక ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

ఒక చలికాలం రిటైరైన హెడ్మాస్టరుగారింటికి వెళ్ళాడు. వాళ్ళ కోడలు ముందుగదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయని కొత్త హీటరు తెచ్చారు. ఆయన సిలిండరు నిటారుగా నిలబెట్టి, గొట్టం బిగించి, జేబులోంచి సీసా తీసి అతుకు మీద సబ్బునీళ్ళు పూశాడు.

"అగ్గిపుల్ల గీస్తే తెలిసిపోయేదానికి ఈ స్నానమెందుకయ్యా?" అన్నారు మాస్టారు.

"తెలుస్తుంది మాస్టారూ. తెలుసుకోవడానికి మనం మిగలొద్దూ?"

బుడగలు రాలేదు. అప్పుడు వెలిగించాడు. గుడ్డలకు నాలుగడుగుల దూరంలో పెట్టి, కిటికీలో వేళ్ళు దూర్చి కోడలికి చూపించాడు. "మంట కూడా మనలాగే గాలి పీలుస్తుందమ్మా. దాని వాటా దానికి పెట్టకపోతే నీ వాటా లాక్కుంటుంది."

హీటరుతో వచ్చిన పుస్తకాన్ని మాస్టారు మూడుసార్లు చదివారు. అచ్చుతప్పులన్నిటికీ ఎర్రసిరాతో సున్నాలు చుట్టి బీరువాలో పెట్టి తాళం వేశారు. మర్నాడు కిటికీ మూసి, సందుల్లో పాత గుడ్డపేలికలు కుక్కించారు.

వారం తర్వాత నాలుగువేళ్ళాయన చొక్కా చిరుగు కుట్టించుకుందామని వెళ్ళేసరికి కోడలు మిషను మీద తల వాల్చేసి ఉంది. హీటరు మంట నీలంగా ఉండాల్సింది పసుపుపచ్చగా నాలుక చాపుతోంది. ఆయన సిలిండరు దగ్గరే గ్యాసు కట్టేశాడు, తలుపులు బార్లా తీశాడు, అమ్మాయికి చేయి ఆసరా ఇచ్చి వరండాలోకి తెచ్చాడు.

"రోజూ ఉండేదేలే," అంది అత్తగారు గుమ్మంలోంచి. "మిషనెక్కగానే తలనొప్పి, కళ్ళు తిరగడం. అంగడికి పంపితే ఎంచక్కా తగ్గిపోతుంది. పని తప్పించుకునే జబ్బు."

"గాలి అందని జబ్బమ్మా అది. ఇంకో గంట ఆగితే పని శాశ్వతంగా తప్పేది. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి."

తీసుకెళ్ళారు. డాక్టరు మందుల కన్నా ఎక్కువగా చీవాట్లు ఇచ్చి పంపాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి నాలుగువేళ్ళాయన హీటరు బర్నరు విప్పి దుమ్ము దులిపి, రంపం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఊరికే తెరిస్తే రేపు మళ్ళీ మూస్తారు. రెక్క అంచు నాలుగు వేళ్ళ మేర కోసేస్తాను."

"అది టేకు!" మాస్టారు అడ్డం వచ్చారు. "మా నాన్నగారు చేయించిన కిటికీ. ఎవర్నడిగి కోస్తావు?"

పెళ్ళయిన ఆరేళ్ళలో మామగారి మాటకు ఎదురు పలకని కోడలు వరండాలోంచే అంది, "కోసెయ్యండి బాబాయ్. ఐదు వేళ్ళు కోసినా సరే."

కోశాడు. ఇప్పటికీ ఆ దారిన వెళ్తే, ఇక మూతపడే వీల్లేని ఆ సందులో అలవాటుగా వేళ్ళు దూర్చి చూసి మరీ కదులుతాడు.

మాస్టారైతే వచ్చినవాళ్ళందరికీ ఆ సందు చూపించి గాలి గొప్పతనం వివరిస్తారు. ఆలోచన తమదేనట. కోసిన టేకు బద్దను కోడలు గుడ్డల మీద గీతలు గీయడానికి దాచుకుంది. ఉపన్యాసం మరీ సాగితే దాంతో బల్ల మీద రెండుసార్లు కొడుతుంది. బడి అలవాటు పోని మాస్టారు ఠక్కున నోరు మూసేస్తారు. కిటికీ మాత్రం తెరిచే ఉంటుంది.