ఎండిన కళ్ల కన్నీళ్లు

ఆ రోజుల్లో నా ఉద్యోగమంటే కంప్యూటర్‌ని గుడ్లప్పగించి చూడటమే. రెజిమెంటల్ బజార్‌లో ఒక ఆఫీసు మేడమీద, ఏసీ గాలి సరిగ్గా మొహానికి కొట్టే సీట్లో కూర్చుని, ఎవరెవరివో బిల్లులు సరిచూసేదాన్ని. (రెప్ప కొడితే పని వెనకబడుతుందేమో అన్నంత శ్రద్ధ. దానికి ఎవరూ మెచ్చుకున్న పాపాన పోలేదు.) వారమంతా ఇసుక పడ్డట్టు మండిన కళ్లు, ఆదివారం బొల్లారంలోని మా చర్చిలో ఫ్యాను కింద కూర్చోగానే ధారలు కట్టేవి. ప్రసంగం ముగిసేసరికి చున్నీ తడిసిపోయేది.

ఇది కొన్నాళ్లు చూసి వెనక బెంచీ ఆంటీ (దేవుడు తనకి చేసిన మేలు గురించి అందరిముందూ సాక్ష్యం చెప్పకుండా ఏ ఆదివారమూ ఇంటికి వెళ్లదు కాబట్టి మా ఇంట్లో ఆమె సాక్ష్యం ఆంటీ) నేను పశ్చాత్తాపపడుతున్నానని తేల్చేసింది. పాస్టరు అయ్యగారు పాపం, భారంతో ఉన్న ఒక సోదరి కోసం ప్రార్థన చేయించారు. అందరూ కళ్లు మూసుకున్నారు గానీ, ఆ సోదరి ఎవరో చూడటానికి ఒక కన్ను తెరిచే ఉంచారు. పశ్చాత్తాపం ఉందంటే పాపం కూడా ఉండాలి కదా. అదేమిటో ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు.

నా ప్రాణం విలవిల్లాడింది. చర్చిలో కీబోర్డు వాయించే అబ్బాయితో నా సంబంధం మాట్లాడుతున్నారప్పుడు. అతనంటే నాకు చాలా ఇష్టం. పాట మధ్యలో తప్పు వాయిస్తే నావైపే చూసి నవ్వేవాడు.

అమ్మ నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. కళ్లు పొడిబారాయని ఆయన అనగానే అమ్మకి ఒళ్లు మండింది. "గిన్ని నీళ్లు కారుతుంటే పొడి అంటరేంది సార్?" అంది. స్క్రీన్ చూస్తూ రెప్ప కొట్టడం మరిస్తే కంటిమీది తడిపొర ఆరిపోతుందట, ఆ మంటకి కన్ను గబగబా నీళ్లు వదులుతుందట, అవేమో నిలవక జారిపోతాయట. మధ్యమధ్య దూరంగా చూడమన్నారు, రెప్పలు నిండుగా మూసి తెరవమన్నారు, ఫ్యాను కింద కూర్చోవద్దన్నారు, చుక్కల మందు రాసిచ్చారు.

సాక్ష్యం ఆంటీకి చెబితే అబ్బాయి ఇంటికి చేరుతుందని అమ్మ ఆమెకి అంతా వివరించింది. చేరింది. కాకపోతే, అంతలా ఏడ్చే పిల్లకి కళ్లు ఎండిపోయాయని తల్లి కప్పిపుచ్చుతోందన్న మాటగా చేరింది. నాలుగు రోజులు తిరక్కుండానే అబ్బాయి తల్లి ఫోన్ చేసింది. "పిల్ల మనసుల ఏదో తక్లీఫ్ ఉన్నది వదినా. మాకు భయమైతుంది. ఈ సంబంధం వద్దులే."

చుక్కల పుణ్యమా అని అప్పటికి నా కళ్లు బాగానే ఉన్నాయి. వంటింట్లో గోడవైపు తిరిగి ఏడ్చాను. అమ్మ వచ్చి చూసింది.

"మళ్ల షురూ అయినయా బిడ్డా? చుక్కలు ఏస్కో" అని సీసా చేతిలో పెట్టింది. అమ్మకి తెలియక కాదు. అంతకంటే ఏమనగలదు?

తర్వాత వేరే సంబంధం కుదిరింది. ఇప్పుడు నా కళ్లు చెమరిస్తే మా ఆయన సీసా అందిస్తాడు. దేనికని అడగడు, నేనూ చెప్పను. ఆదివారాలు ఫ్యానుకి దూరంగానే కూర్చుంటున్నాను. కీబోర్డు ఇప్పుడు వేరే అబ్బాయి వాయిస్తున్నాడు. చాలా బాగా వాయిస్తాడు, ఒక్క తప్పూ రాదు.