బాగానే ఉన్నామన్న పద్దెనిమిది మంది

నెలనెలా ఖాతాలో కొంత డబ్బు పడితే కూలిపని చేసే ఆడవాళ్లు ఆస్పత్రికి వెళ్తారా, లేక ఓర్చుకునే ఉంటారా? ఎకనామిక్స్‌లో నా పరిశోధన ఇదే. ఆ సర్వే ఫారాలు సంచిలో పెట్టుకుని ఉదయం ఆరుంబావుకి విజయవాడలో తిరువూరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి సున్నా టికెట్టు. మైలవరం దాటాక కిటికీ నిండా మామిడి తోటలే. నిద్రా కాదు, మెలకువా కాదు. బస్సు ఆగిపోయి చెట్లే నడుస్తున్నట్టు అనిపించింది.

ఎనిమిదిన్నరకి తిరువూరులో దిగి, ఇడ్లీ తిని, షేర్ ఆటోలో తోట చేరాను. కాయలు ఏరుతున్న పద్దెనిమిది మందినీ వాళ్లని కూలికి కుదిర్చే మేస్త్రి సామ్రాజ్యమ్మగారే నీడకు పిలిచి, నా పక్కనే కూర్చున్నారు. ఎంత మంచి మనిషి అనుకున్నాను.

"ఒంట్లో ఎలా ఉంటోందండీ?"

"బాగానే ఉందమ్మా."

అందరిదీ అదే మాట. పచ్చికాయ సొన వాసనకి మత్తుగా ఉంది, పెన్ను దానంతటదే రాసుకుపోతోంది. ఒంటిగంటకి వాళ్లు పని దిగేలోగా ఫారాలన్నీ నిండాయి. ఒక్క అనుమానమన్నా రాలేదు, చదువుకున్న మొద్దుని!

రెండున్నర బస్సులో నా పక్క సీటుకి, పొద్దున తోటలో ఫారం రాయించిన మరియమ్మగారే వచ్చారు. చెప్పులు విప్పితే పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"ఎక్కడికండీ?"

"బెజవాడ పెద్దాసుపత్రికి. మూణ్ణెల్లుగా వాపు. బస్సు ఫ్రీ కదాని బయల్దేరా."

"మరి బాగానే ఉందన్నారేంటి?"

ఆమె నవ్వారు. "మేస్త్రి పక్కనుంటే ఇంకేం చెప్తామమ్మా? జబ్బంటే రేపు పనికి పిలవదు. చెల్లెలింటికని చెప్పి వచ్చా. ఆవిణ్ణి అని ఏం లాభంలే, గంపలు తగ్గితే తోట యజమాని చేత ఆవిడకీ మాటలే."

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఈ కాగితాలు ఇలాగే వెళ్తే ఈ ఆడవాళ్లకు జబ్బూ లేదు, డబ్బూ అక్కర్లేదని నేనే తేల్చినట్టవుతుంది. ఆమె ఫారం తీసి, పేరున్న మూల చించి ఆమె చేతిలోనే పెట్టాను. మళ్లీ మొదటి నుంచీ అడిగాను. తోటలు వెనక్కి జారిపోతుంటే ఆమె మెల్లగా చెబుతూ వచ్చారు, నేను రాసుకుంటూ వచ్చాను.

అటు సర్వేకి వెళ్లేవాళ్లకి ఒక మాట. తోటకి వెళ్లకండి, మేస్త్రి లేనప్పుడు ఇళ్లకి వెళ్లండి. మిగిలిన పదిహేడు మంది కోసం ఎల్లుండి నేనూ అలాగే వెళ్తున్నాను.

బెజవాడ స్టాండులో దిగాక ఆ సంగతే చెప్పాను. మరియమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"రామ్మా. దారిలో మేస్త్రితో కనిపిస్తే మాత్రం, నేనెవరో తెలీనట్టే పో."