కిర్రు పోకుండా

సూరత్ శివారు భేస్తాన్‌లో నాన్న ఫ్లాటు తలుపు తీయగానే బూజు వాసన మొహాన కొట్టింది. కరోనా రెండో విడతలో నాన్నను ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు వేసిన తాళం, ఆయన తిరిగి రాలేదు గనక వానాకాలమంతా అలాగే ఉండిపోయింది. ప్రయాణాలు మామూలయ్యాక హైదరాబాదు నుంచి నేనొచ్చేసరికి గోడలు చెమ్మెక్కి, కిటికీ చెక్కలు ఉబ్బి, ఇల్లంతా నీళ్లలోంచి తీసినట్టుంది. బీరువా కింది అరలో పాత లుంగీలో చుట్టిన ఒక జత కిర్రు చెప్పులు కనిపించాయి. గుడ్డ విప్పితే బూజు వాసన అడుగు నుంచి ఆముదం, మైనం, తోలు కలిసిన ఇంకో వాసన లేచింది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది, ఎవరో వచ్చి నిలబడ్డట్టు.

ఆ చెప్పులు నాన్నవి కావు, నాన్న వాళ్ల నాన్నవి. ఆ రాజయ్య తాత నేను పుట్టకముందే పోయాడు. "నా తర్వాత తాపీల ఇడిసిపెట్టు బిడ్డా, నీకొద్దు ఈ పని" అని నాన్న ముందే చెప్పి ఉంచాడు. ఇల్లు ఖాళీ చేసి, చెప్పులు తాపీ నదిలో వదిలి వెళ్లిపోదామనే వచ్చాను.

నా చిన్నతనంలో మేం సూరత్‌లోనే లింబాయత్‌లో ఉండేవాళ్లం. ఒకే గది, మధ్యలో చీర తెర, గోడ అవతల నాన్న పనిచేసే మగ్గాల కార్ఖానా. మగ్గాలు ఆడుతుంటే ఆ గోడ పొద్దస్తమానం వణికేది, బిందెలో నీళ్లు వణికేవి, గోడకు ఆనుకుని పడుకుంటే పళ్లు కూడా వణికేవి. చలికాలంలో బళ్ల మీద లేత జొన్నలు వేయించి పోంక్ అని అమ్మితే, "గివి మన ఊసబియ్యమే గద, పేరు మార్చి పైసలు గుంజుతున్నరు" అని నాయనమ్మ బండివాడి మొహం మీదే తెలుగులో అనేది, అతను ఏదో పొగిడిందనుకుని ఇంకో గుప్పెడు వేసేవాడు. ఉత్తరాయణానికి డాబాల మీద పతంగుల దారం తెగి మా గల్లీ కరెంటు తీగల మీద వేలాడేది, వానలు వచ్చేదాకా అక్కడే ఊగేది. వానలు వచ్చాయంటే ఇంట్లో తోలు వస్తువులన్నింటికీ తెల్లటి నూగు పట్టేది. నాన్న బెల్టుకు, నా బడి సంచి పట్టీకి, అన్నింటికంటే ముందు తాత చెప్పులకు.

మా ఇంట్లో ఆముదం డబ్బాను తేలు డబ్బా అనేవాళ్లం. తాత, నాయనమ్మ ఊరి నుంచి సూరత్ వచ్చిన కొత్తలో గల్లీ చివర చెప్పులు కుట్టే అతను తాత చెప్పులు చేతిలోకి తీసుకుని, "మా, ఇస్ మే తేల్ డాలో" అన్నాడట. తేల్ అంటే అక్కడ నూనె. నాయనమ్మకు తేలు వినిపించింది. "తేలున్నదంటుండు, ఇడువు ఇడువు" అని చెప్పులు నడివీధిలోకి విసిరిందట. తాత వాటిని ఏరుకొచ్చుకుంటూ, "లచ్చీ, సూరత్‌ల తేళ్లు గూడ దుకాన్ల అమ్ముతరు, పావుకిలో తెస్త" అన్నాడట. ఈ కథ నాయనమ్మే చెప్పి నవ్వేది.

తాత పోయినప్పుడు ఆయన బట్టలన్నీ పంచేశారు గానీ చెప్పులు మాత్రం నాయనమ్మ ఇవ్వలేదు. సందర్భం వచ్చినప్పుడల్లా నాన్నకూ ఆమెకూ ఆ గొడవ మళ్లీ మొదలయ్యేది.

"సచ్చిపోయినోని చెప్పులు ఇంట్ల ఉంచుకుంటరా అవ్వా?"

"సచ్చిపోయినోడు మీ నాయిన. తొవ్వల పొయ్యెటోడు కాదు."

చివరికి నాన్న ఒక మాట మీద నిలిచాడు. తోలు పగిలిన రోజు చెప్పులు తాపీలో వదలాలి, అప్పుడు ఆమె అడ్డం రాకూడదు. "పగలనిస్త గద" అని నాయనమ్మ ఒప్పుకుంది. తోలు పగిలితే తాత ఆ గడప దాటి వెళ్లిపోతాడని ఆమె నమ్మకం.

ఆ తోలును ఆమె చంటిపిల్లను చూసినట్టు చూసింది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, తడిగుడ్డ పిండి పైపైన అద్ది, నీడలో ఆరబెట్టేది. ఎండలో పెడితే తోలు పెంకు అవుతుందని, పొయ్యి దగ్గర పెడితే లోపలి నుంచి కాలుతుందని చెప్పేది. ప్లాస్టిక్ సంచిలో కట్టనిచ్చేది కాదు, "దానికి దమ్ము ఆడద్దా?" అని. బూజు వస్తే గుమ్మం బయటికి తీసుకెళ్లి తుడిచేది, నూగు ఇంట్లో రాలితే మళ్లీ అంటుకుంటుందని. చివర్న గోరువెచ్చటి ఆముదంలో కాస్త మైనం కరిగించి, వేలికొసతో, చెంపకు వెన్న రాసినట్టు రాసేది. అక్కడే అసలు చిక్కు. నూనె తక్కువైతే తోలు పగులుతుంది, ఎక్కువైతే మెత్తబడి కిర్రు పోతుంది. ఆమెకు తోలూ కావాలి, కిర్రూ కావాలి. రాసి, చెప్పును చెవి దగ్గర పెట్టుకుని, రెండు చేతులతో వంచి వినేది. చప్పుడు సరిగ్గా ఉంటే తల ఊపేది, ఎవరో చెప్పిన మాట ఒప్పుకున్నట్టు.

ఆ చెప్పుల్లో నన్ను భయపెట్టింది బొటనవేలి గుంట. ఎవరూ తొడగని చెప్పులో ఆ గుంట మూసుకుపోవాలి. అది ఏటేటా లోతయింది. ఎడమ మడమ కూడా ఒక పక్కకు అరుగుతూ వచ్చింది. నేను వేలు పెట్టి చూస్తే ఒక్కోసారి లోపల వెచ్చగా ఉండేది.

వారానికోసారి కరెంటు తీసేసే రోజు మగ్గాలు ఆగేవి. ఆ రోజు గల్లీకి చెవులు కొత్తగా మొలిచినట్టుండేది. కుళాయి కారడం, పక్కింటి ముసలాయన ఊపిరి, అన్నీ వినిపించేవి. అలాంటి ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ మా తలుపు అవతల విన్నాను. కిర్రు. ఆగి, ఈడ్చినట్టు ఒక రాపిడి. మళ్లీ కిర్రు. తలుపు తోస్తే నాయనమ్మ చాప మీద పడుకుని ఉంది, చెప్పులు గోడకున్న వాటి మేకుకు వేలాడుతున్నాయి, కొద్దిగా ఊగుతూ. అమ్మతో చెబితే, "ఎలుకలు గావచ్చు, తిని సదువుకో" అంది. చెబుతూ ఆమె కూడా మేకు వైపు చూసింది.

ఆ ఏడు బతుకమ్మలు నీళ్లలో వదలడానికి ఆడవాళ్లంతా కదిలితే నాయనమ్మ కూడా వెంట వచ్చింది. ఆమె వెనక నడుస్తున్న పొరుగావిడ ఒకతె నవ్వుతూ, "ఏందే లచ్చవ్వా, ఎనకకెల్లి జూస్తె అచ్చం మీ రాజన్న పోతున్నట్టే ఉన్నది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తాతను ఎరిగిన ఇద్దరు ముసలమ్మలు మాత్రం నవ్వలేదు. నాయనమ్మ ఎడమ కాలు కొద్దిగా ఈడ్చి నడుస్తోందని నేను అప్పుడే గమనించాను.

దీపావళి ముందు ఇల్లు దులుపుతుంటే నాన్నకు ఉంగటం దగ్గర, వేలు దూరే చోట, వెంట్రుకంత పగులు కనిపించింది. "మాట మాటే అవ్వా. కరెంటు లేని రోజు తీసుకపోత" అన్నాడు. ఆ రోజంతా తేలు డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది.

అనుకున్న రోజు నాన్న, నేను బజారు నుంచి కూరగాయలతో వచ్చేసరికి మగ్గాలు ఆగి గల్లీ నిశ్శబ్దంగా ఉంది. లోపల కిర్రు మొదలైంది. నాన్న నా భుజం పట్టుకుని ఆపాడు. కిటికీ చువ్వల్లోంచి ఇద్దరం చూశాం.

నాయనమ్మ తాత చెప్పులు తొడుక్కుని గది ఆ కొస నుంచి ఈ కొసకు నడుస్తోంది. ఎడమ కాలు ఈడుస్తూ, ఒక చెయ్యి నడుముకు ఆనించి, ధోవతి కొస పట్టుకున్నట్టు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని. గొంతు సవరించుకుని, నేనెన్నడూ వినని బొంగురు గొంతుతో అంది. "లచ్చీ, చాయ్ పెట్టినవా?"

తిరిగి తన గొంతుతోనే జవాబిచ్చింది. "పెడుతున్న, ఆగు జర."

నాన్న నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "బాపూ."

ఆమె కిటికీ వైపు తిరిగింది. మొహం నాయనమ్మదే, చూపు ఆమెది కాదు. "ఏంది నర్సిగా, పని ఒడిసిందా?"

తాత పోయాక నాన్నను నర్సిగా అని పిలిచినవాళ్లు లేరు. ఆయన చేతిలోని సంచి జారి వంకాయలు గుమ్మంలో దొర్లాయి. బడి పిల్లవాడిలా అన్నాడు. "ఒడిసింది."

అప్పుడామె చెప్పులు విడిచి, కింద కూలబడి, మా నాయనమ్మ అయింది. "తోలుకు నూనె ఒక్కటే సాలదు. కాలు గూడ పడాలె, లేకుంటె మడత కాడ ఇరుగుతది" అంది, వంట సంగతి చెబుతున్నట్టు. "నా నడక నడిస్తె తోలు నా కాలు దిక్కు తిరుగుతది. గందుకే ఆయన నడక నడుస్తున్న."

"మరి ఆ గొంతేంది?" అన్నాను.

"గొంతు లేకుంటె నడక కుదురుతలేదు బిడ్డా."

నాన్న మళ్లీ తాపీ మాట ఎత్తలేదు. మగ్గం పట్టీలు కోయగా మిగిలిన తోలు ముక్క తెచ్చి, పగులు మీద కుట్టించాడు. తర్వాతి ఏళ్లలో నాయనమ్మ చెప్పులు లేనప్పుడు కూడా అలాగే నడిచింది. ఆమె సొంత నడక ఎలా ఉండేదో గుర్తు చేసుకోవాలని ఇప్పుడు ప్రయత్నిస్తే నాకు రావడం లేదు. ఆమె పోయాక, ఎవరూ అడగకుండానే, నాన్న ఆ పని అందుకున్నాడు. భేస్తాన్ ఫ్లాటుకు మారాక, మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఆయన మాటల మధ్య కిర్రు వినిపించేది. నేనెప్పుడూ అడగలేదు.

ఫ్లాటు తెరిచిన మర్నాడు లింబాయత్ వెళ్లి చూశాను. మా కార్ఖానా మూతపడింది, లాక్‌డౌన్‌లో రైలెక్కిన నేతగాళ్లు చాలామంది తిరిగి రాలేదట. నడుస్తున్న మగ్గాలకు తోలు పట్టీలు లేవు, ప్లాస్టిక్‌వి వచ్చాయి. చెప్పులు కుట్టే అతని చోట మొబైల్ కవర్లు అమ్ముతున్నారు. కిర్రు చెప్పులంటే ఏమిటో అక్కడ పుట్టిన మా వాళ్ల పిల్లలకు నేను హిందీలో చెప్పాల్సి వచ్చింది.

తిరిగి వస్తుంటే మెట్ల దగ్గర కింది ఫ్లాటు కోడలు మాస్కు దించి, గుసగుసగా ఆపింది. "దీదీ, బా కో మత్ బోల్నా. అంకుల్ గావ్ గయే హై, ఐసా బోలా హై." బా అంటే ఆమె అత్త కాంతాబెన్, గుండె జబ్బు మనిషి. కిటికీ పక్కనున్న మంచం దిగే శక్తి లేదు. నాన్న పోయిన సంగతి ఆమెకు దాచారు, ఊరెళ్లాడని చెప్పారు.

బూజుతో ఉన్న చెప్పుల్ని నదిలో వదలడం నాకు చేతకాలేదు. బాల్కనీలో తుడిచాను, నీడలో ఆరనిచ్చాను, ఆముదం వెచ్చచేసి వేలికొసతో రాశాను. నెలల తరబడి కాలు పడక మడత దగ్గర తోలు బిగుసుకుపోయింది. విరుగుతుందేమో చూద్దామని తొడుక్కున్నాను. బొటనవేలు దాని గుంటలోకి తనే వెళ్లింది. రెండు అడుగులు వేశాను. కిర్రు నిలిచే ఉంది.

కింద కిటికీ తెరుచుకుంది. కాంతాబెన్ గొంతు, నీరసంగా, సంతోషంగా. "నర్సీభాయ్, ఆవీ గయా?" వచ్చేశావా అని. నేను కదలకుండా నిలబడ్డాను. "చా పీధీ?" అని మళ్లీ అడిగింది. టీ తాగావా అని, రోజూ అడిగే మాటలా.

నోరు తెరిస్తే ఆడగొంతు వినిపించి, దాచిన సంగతి బయటపడుతుంది. బాల్కనీ గడప నుంచి బీరువా దాకా నడిచాను, ఎడమ కాలు ఈడుస్తూ, తొందర లేకుండా. తర్వాత ఆమె, "సారూ, సారూ" అంది. మంచిది, మంచిది అని. కిటికీ మూసుకుంది.

హైదరాబాదుకు టికెట్ రద్దు చేశాను.