అవ్వ ప్రతిపాదించిన తీర్మానం

మొన్న ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఫోను తెరిచేసరికి మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో అధ్యక్షులవారి సందేశం ఒకటి కనిపించింది. అధ్యక్షులవారంటే మరెవరో కాదు, మా ఆవిడ తమ్ముడు, సాక్షాత్తూ నా బావమరిది. గుండె ఆపరేషనప్పుడు పుచ్చుకున్న మూడు నెలల సెలవు మినహాయిస్తే, అమీర్‌పేటకూ పంజగుట్టకూ మధ్యనున్న మా సందును పాతికేళ్ళ పైబడి ఏదో ఒక సంఘం పేరిట ఏలుతున్నవాడు అతనొక్కడే. ఈ ఏటి బతుకమ్మ పండుగను బేగంపేటలో ఒక హోటలువారి ఏసీ హాల్లో జరుపుకుందామనీ, ఆడవాళ్ళకు శ్రమ లేకుండా పేర్చిన బతుకమ్మలనే ఆర్డరిచ్చి తెప్పిద్దామనీ, ఇకమీదట పండుగకు అక్కర్లేదు కనుక అపార్ట్‌మెంటు వెనక మిగిలిన ఖాళీ జాగాలో గీతలు గీసి కార్లు పెట్టుకుందామనీ అందులో ఉంది. అన్నిటికన్నా అడుగున, రేపు సాయంత్రంలోగా ఎవరూ ఏమీ అనకపోతే అందరూ ఒప్పుకున్నట్టే లెక్క అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికి నా కాఫీ చల్లారిపోయింది.

నా ఈడువాళ్ళకు పాతికేళ్ళ కిందటి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. కంప్యూటరు అన్న మాట నేర్చిన ప్రతివాడూ మేధావిగా చెలామణీ అయిన రోజులవి. నాలుగైదేళ్ళలో మా వైపు ఏ గోడ చూసినా కోర్సుల పేర్లే, ఏ మేడ చూసినా శిక్షణ సంస్థే. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫోల్డర్లో పెట్టుకుని జిల్లాల నుంచి దిగే పిల్లలు, వాళ్ళ చేతుల్లోకి కరపత్రాలు కుక్కేవాళ్ళు, మిర్చి బజ్జీల బళ్ళు, జిరాక్స్ షాపులు, ఒక్క గదిలో ఆరు మంచాలు ఇరికించి హాస్టలని బోర్డు కట్టిన ఇంటి ఓనర్లు. ఆ పిల్లల మీద నాకు అప్పుడూ కోపం లేదు, ఇప్పుడూ లేదు, పాపం పొట్ట చేతబట్టుకుని వచ్చారు. నా ఏవగింపంతా మా బోటి పెద్దమనుషుల మీదే. కోస్తా నుంచి వచ్చి ప్రభుత్వాఫీసుల్లో కుర్చీలు అరగదీసి, గజాల్లో కొలిచే జాగా ఒకటి అమరగానే నగర సంస్కృతిని ఉద్ధరించే భారం మా భుజాల మీదే ఉందనుకున్న బాపతు మేమంతా.

ఆ ఉద్ధరణ ఎలా సాగేదంటే, ఉగాదికి కవి సమ్మేళనం పెట్టేవాళ్ళం. వేదిక మీద పదకొండుమంది కవులు, కింద తొమ్మిదిమంది శ్రోతలు, ఆ తొమ్మిదిమందిలోనూ ఇద్దరు కుర్చీలు ఎప్పుడు ఖాళీ అవుతాయా అని చూసే షామియానావాళ్ళు. జ్యోతి వెలిగించడానికి అగ్గిపెట్టె దొరక్క ముఖ్య అతిథి దిక్కులు చూస్తూ నిలబడడం ఏటేటా జరిగేది, ఏటేటా మేము మొదటిసారిలా కంగారుపడేవాళ్ళం. ప్రభుత్వంవారు జనాన్ని చీపుర్లు పట్టమన్న కాలంలో ఒకసారి శ్రమదానం కూడా తలపెట్టాం. తీరా చూస్తే బోరబండ నుంచి వచ్చే ఊడ్పు మనుషులు మాకన్నా ముందే సందంతా అద్దంలా చేసి వెళ్ళిపోయారు. ముఖ్య అతిథి వచ్చాడు, ఫోటోగ్రాఫరు వచ్చాడు, ఊడవడానికి చెత్త లేదు. మా బావమరిది ఏమాత్రం తొణక్కుండా ఎవరి పెరట్లోంచో బస్తాడు ఎండుటాకులు తెప్పించి నడిరోడ్డు మీద గుమ్మరించాడు. కొత్త చీపుర్లతో వాటిని అటూ ఇటూ జరిపి, ఫోటోలు దిగి, టిఫినుకు వెళ్ళిపోయాం. మర్నాడు ఆ బోరబండ మనుషులే వచ్చి మా శ్రమదానాన్ని ఎత్తుకుపోయారు.

అప్పటి మా సందు సంఘానికి మా బావమరిది అధ్యక్షుడు, నేను ప్రధాన కార్యదర్శిని. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని నలుగురూ అనేవారు, నా అర్హత అదొక్కటే. సర్వసభ్య సమావేశానికి మూడోవంతు సభ్యులైనా రావాలని మా నిబంధన. నోటీసు అంటించిన రోజునే అందరికీ పెళ్ళిళ్ళూ తద్దినాలూ జ్వరాలూ వచ్చిపడేవి. కమ్యూనిటీ హాల్లో నేనూ మా బావమరిదీ ఎదురెదురుగా కూర్చుని, పొట్లంలో పల్లీలు అయిపోగానే లేచి వచ్చేవాళ్ళం. కానీ పుస్తకంలో సమావేశం జరిగి తీరాలి కదా. అందుకని మా సందులో ఒక ఆచారం స్థిరపడింది. ఆదివారం టిఫిన్ల వేళ నేను మినిట్స్ పుస్తకం చంకన పెట్టుకుని ఇంటింటికీ వెళ్ళేవాణ్ణి, ఇంటాయన ఇడ్లీ తింటున్న చెయ్యి లుంగీకి తుడుచుకుని సంతకం గీకేవాడు. మొదట్లో తీర్మానం రాసి తీసుకెళ్ళేవాణ్ణి. ఎవరూ చదవడం లేదని తెలిశాక సంతకాలే ముందు తెచ్చుకుని, పైన వదిలిన ఖాళీలో తర్వాత తీరిగ్గా రాసుకునేవాణ్ణి. ఫలానా వారు ప్రతిపాదించగా, ఫలానా వారు బలపరచగా, సుదీర్ఘ చర్చ అనంతరం ఏకగ్రీవంగా ఆమోదించడమైనది అని. ఆ ఫలానా ఇద్దరికీ ప్రహరీగోడ తగాదాతో ఏళ్ళ తరబడి మాటలుండేవి కావు, నా పుస్తకంలో మాత్రం ఒకరినొకరు బలపరుచుకుంటూనే ఉండేవారు. తిలాపాపం తలా పిడికెడు అన్నారు, మా సందులో ఆ పిడికెళ్ళు పంచి పెట్టినవాణ్ణి నేను.

ఇక ఆ హాలూ, దాని ముందు ఆవరణా మాకెలా వచ్చాయో చెప్పాలి. మా సందంతా ఒకప్పుడు జొన్నచేను. ఆ చేను దున్నిన ఇంట్లో మిగిలిన పెద్దావిడను అందరం అవ్వ అనే పిలిచేవాళ్ళం. చేను ప్లాట్లుగా చీలేటప్పుడు, ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుకోవడానికి ఒక మూల జాగా వదలాల్సిందేనని ఆమె పెనిమిటి పట్టుబట్టి వదిలించాడట. కాగితం లేదు, నోటిమాటే. తర్వాత మేమొచ్చి అందులో సగంలో హాలు కట్టి, మిగతా సగానికి గేటు పెట్టి, సంఘం ఆస్తి అని బోర్డు రాయించాం. అయినా పెత్రమాస నుంచి, అంటే మహాలయ అమావాస్య నుంచి, తొమ్మిది రోజులు ఆ ఆవరణ అవ్వదే. బోరబండ గుట్టల వైపు నుంచి తంగేడు పూలూ గునుగు పూలూ తెప్పించేది. మన కోస్తావాళ్ళకు ఈ పండుగ లేదని మా ఆవిడ మొదట్లో గుమ్మంలోంచే చూసేది. అవ్వే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, పక్కన కూర్చోబెట్టుకుని, తాంబాళంలో ఒక వరస పూల మీద ఇంకో వరస జారకుండా ఎలా నిలుస్తుందో నేర్పింది. మైకూ శాలువా ముఖ్య అతిథీ లేకుండా, పిలవకుండానే జనం కదిలి వచ్చిన కార్యక్రమం మా సందులో అదొక్కటే. అది మా సంఘం చేసింది కాదు.

ఒక ఏడు బతుకమ్మకు ముందు ఆవరణలో మొరం పోయించి, రెండు ట్యూబులైట్లు పెట్టించాలని నిజంగానే అనుకున్నాం. ఎప్పటిలా పుస్తకం పట్టుకుని అవ్వ ఇంటికీ వెళ్ళాను. ఆవిడకు చదువు రాదు, నిషాని వేసేది, అంటే వేలిముద్ర. ఇది దేనికని అడిగితే బతుకమ్మకు లైట్ల కోసమని చెప్పాను. ఆ మాట అప్పటికి అబద్ధం కాదు. ఆమె సిరా అంటిన బొటనవేలిని చెంగుకు తుడుచుకుంటూ, చాయ తాగి పొమ్మంది. తాగి వచ్చాను.

మర్నాడు ఆఫీసు నుంచి వచ్చేసరికి మా బావమరిది వరండాలో కూర్చుని ఉన్నాడు. హాలునూ ఆవరణనూ ఒక కంప్యూటరు శిక్షణ సంస్థకు లీజుకిస్తున్నామనీ, దానివల్ల సందుకే వెలుగు వస్తుందనీ, ట్యూబులైట్ల తీర్మానానికీ సంతకాలకూ మధ్య ఖాళీ ఉంది కనుక అదీ అక్కడే రాసేయమనీ చెప్పాడు. బతుకమ్మ సంగతేమిటని గొణిగాను. అతను నవ్వాడు.

"ప్రారంభోత్సవానికి ఫ్లెక్సీ కొట్టిస్తున్నారు బావగారూ. మీ ఫోటో కూడా వేస్తారట. పాస్‌పోర్టు సైజుది ఒకటివ్వండి" అన్నాడు.

అంతవరకూ మా బ్యానర్లన్నీ పెయింటరు గుడ్డ మీద రాసినవే, మనుషుల ముఖాలు వాటి మీద ఎక్కేవి కావు. పాఠకులు నా ముఖాన ఉమ్మేయడానికి తొందరపడనక్కర్లేదు, ఆ పని నేనే ఎన్నోసార్లు చేసుకున్నాను. ఫోటో ఇచ్చాను. పెన్ను తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రెండో తీర్మానం రాశాను. ఎవరు ప్రతిపాదించినట్టు రాయాలంటే, రేపు ఎవరూ నోరెత్తకుండా ఉండాలి కనుక అవ్వ పేరే మంచిదని అతనన్నాడు. స్థలదాత కుటుంబీకురాలైన శ్రీమతి ఫలానా వారు స్వయంగా ప్రతిపాదించగా అని రాశాను. స్వయంగా అన్న మాట అతను చెప్పలేదు, వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. వారం తిరిగేసరికి సందు మొదట్లో ఫ్లెక్సీ లేచింది. దాని మీద నా ముఖం నీళ్ళ డ్రమ్ము మూతంత ఉంది. ఆ సాయంత్రం ఏ పనీ లేకపోయినా మూడుసార్లు దాని ముందు నుంచి నడిచాను.

పెత్రమాస వచ్చింది. ఆడవాళ్ళు బతుకమ్మలు ఎత్తుకుని వెళ్ళేసరికి ఆవరణ నిండా మోటారు సైకిళ్ళు, ఒక మూల జనరేటరు, గేటు దగ్గర యూనిఫారం వేసుకున్న కాపలాదారు. అతను అవ్వను ఎగాదిగా చూసి, ఏ బ్యాచ్ అనీ, ఐడీ కార్డు ఏదనీ అడిగాడట. మా ఆవిడ పరుగున ఇంటికొచ్చి చెప్పింది. అధ్యక్షులవారు అప్పుడు శ్రీనగర్ కాలనీలో ఎవరికో శాలువా కప్పుతున్నారు కనుక నేనొక్కణ్ణే వెళ్ళాల్సి వచ్చింది. అంతా తీర్మానం ప్రకారమే జరిగిందని నసిగాను. తీర్మానమంటే ఏమిటని అవ్వ అడిగింది. పుస్తకంలో రాసుకున్నదని చెప్పాను. అయితే ఆ పుస్తకం తెమ్మంది.

తెచ్చాను. వీధిదీపం కింద ఆ పేజీ తీశాను. ఆమెకు అక్షరాలు రావు గాని తన వేలిముద్రను వెంటనే పోల్చుకుని దాని మీద వేలు పెట్టింది.

"గీడ నా నిషాని ఉన్నది. దీని మీద ఏం రాసినవో జర సదువు బిడ్డా."

చదివాను. సభ్యులందరూ హాజరై సుదీర్ఘంగా చర్చించిన మీదట అని చదివాను. ప్రతిపాదించినవారి పేరున్న వరస దగ్గరికి వచ్చేసరికి నా కళ్ళు దాన్ని దాటేసి కింది వరసలో దిగాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో చదువుకున్నవాళ్ళు లేకపోలేదు, కానీ పుస్తకం నా చేతిలో ఉంది.

"గంతసేపు మాట్లాడినమా? మరి నేనేమన్న?" అని అడిగింది.

"మీరేమీ అనలేదు అవ్వా" అన్నాను.

ఆ పుస్తకం గురించి నేను పలికిన నిజం అదొక్కటే. ఆమె పేజీ మీంచి వేలు తీసింది. తర్వాత నా వైపు తిరిగి, కోపమేమీ లేకుండా, తనకు తనే చెప్పుకున్నట్టు అంది.

"గదే మరి. ఏమనకపోతే గిట్లనే అయితది. తప్పు నాదే బిడ్డా."

నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. తప్పు నాదే అని తాంబాళం ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచింది. ఆవిడ పేరున్న వరస గట్టిగా చదివే ధైర్యం నాకు అప్పుడు రాలేదు, తర్వాతా రాలేదు. మర్నాడు యథాప్రకారం ఆఫీసుకు వెళ్ళాను.

ఆ ఏడు రోడ్డు మీదే ఆడారు, ఆటోల హారన్ల మధ్య. మరుసటి ఏడు సగంమందే వచ్చారు. ఆ తర్వాత అవ్వ కొడుకు ఇల్లు అమ్ముకుని కుటుంబంతో నగరం చివరకు వెళ్ళిపోయాడు. అవ్వ అక్కడే పోయిందని ఎవరో చెప్పారు. నేను వెళ్ళలేదు, ఏ ముఖం పెట్టుకుని వెళ్తాను, ఫ్లెక్సీ మీది ముఖమా? కోర్సుల మోజు మారగానే శిక్షణ సంస్థ ఖాళీ చేసింది, హాలు పడగొట్టి అపార్ట్‌మెంటు కట్టడానికి మరో తీర్మానం వచ్చింది, అదీ ఏకగ్రీవమే. ఆ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులోనే నేను కాపురముంటున్నాను. వెనక మిగిలిన కాస్త జాగాలో మా ఆవిడ ఇప్పటికీ ఏటా పదిమందిని కూడగట్టి, అవ్వ నేర్పినట్టే పూలు పేర్చి ఆడుతుంది. ఆ పాత ఆవరణలో మిగిలిన ఆఖరి ముక్క అదే. కార్ల కోసం గీతలు గీస్తామంటున్నది దాని మీదే.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ రోజుల్లో అబద్ధమాడాలన్నా నడవాల్సి వచ్చేది. ముప్పై గుమ్మాలు ఎక్కి దిగితే ఎవరింట్లో జ్వరమో, ఎవరి పిల్లకు ఉద్యోగమొచ్చిందో, ఎవరి చట్నీలో ఉప్పెక్కువైందో తెలిసేది. మోసం చేసినా ముఖాలు చూసి చేశాను, వాళ్ళింటి చాయ తాగి చేశాను. ఇప్పుడు ఆ పాటి శ్రమ కూడా ఎవరికీ లేదు. ఎదురు ఫ్లాటులో ఉన్నాయన గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎవరూ ఏమీ అనకపోవడమే సమావేశం, అదే చర్చ, అదే ఆమోదం.

సోమవారం మధ్యాహ్నం, గడువు ఇంకా మిగిలి ఉండగానే, నాకు ఇష్టం లేదు, ఆ జాగా బతుకమ్మది అని గ్రూపులో రాశాను. ముత్యాల్లాంటి దస్తూరీ ఫోన్లో ఎందుకూ పనికిరాదు, ఆ ఒక్క ముక్క కొట్టడానికి పావుగంట పట్టింది. నలభైమంది చూసినట్టు కనిపించింది, ఒక్కరూ ఏమీ అనలేదు. సాయంత్రమవుతుండగా దాని కింద ఒక బొటనవేలి బొమ్మ పడింది. నాతో కలిసినవాడు ఒక్కడైనా దొరికాడని ఆశగా నొక్కి చూస్తే, అది మా బావమరిది పెట్టింది. నేనూ సరేనన్నాననే అనుకున్నట్టున్నాడు. చదివి ఉండడు, మా సందుకు చదవకుండా ఒప్పుకోవడం నేర్పినవాణ్ణి నేనే.