గడప మీద లేపిన వంటింటి గోడ

దయ్యాలంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. దయ్యం ఎదురుపడితే "చిక్కటి పాలా, మామూలు పాలా" అని అడిగే రకాన్ని. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టి, దబీర్‌పురా స్టేషన్ దగ్గర మా పాల దుకాణంలో కూర్చున్నవాణ్ణి. గల్లీలో నేను నోరు విప్పకముందే జనం నవ్వడం మొదలుపెడతారు. ఈ సంగతి చెప్పుకోవడానికి అదే పెద్ద అడ్డమైంది. అందుకే రాస్తున్నాను. చదివి నవ్వినా నాకు వినబడదు కదా.

మా ఇంటి వెనక ఒకప్పుడు బర్రెల కొట్టం ఉండేది. వంటింటికి ఒకటే దర్వాజా, అదీ కొట్టంలోకే. అమ్మ ఇటు పాలు పితికి అటు పొయ్యి మీద పెట్టేది. బర్రెలను అమ్మేసి ఏళ్లయింది. వానాకాలంలో అన్నం గిన్నెకు గొడుగు పట్టి, కొట్టం చుట్టూ తిరిగి హాల్లోకి తెచ్చుకునే భాగ్యం మాత్రం మాకు అలాగే మిగిలింది.

వంటిల్లు మార్చాల్సిందేనని నా భార్య సునీత పట్టుబట్టింది. ఫోన్‌లో మాడ్యులర్ కిచెన్లు చూపించింది. మా దగ్గరున్న డబ్బుకు అందులో ఒక్క డ్రాయర్ వస్తుందేమో. సరే, ఉన్న గదినే బాగుచేద్దామనుకున్నాం. హాలు వైపు గోడ పగలగొట్టి కొత్త దర్వాజా, కొట్టం వైపు దర్వాజా తీసేసి గోడ, ఒక పక్కన గ్రానైట్ బండ. టైల్స్ ఎవరో పెద్దింటివాళ్ల పనిలో మిగిలిపోయినవి, సగం నీలం, సగం గోధుమ రంగు. దానికి నేను డిజైన్ అని పేరు పెట్టాను.

మేస్త్రీ ఖాదర్ భాయ్ పాత దర్వాజాను చుట్టూ ఉన్న చెక్క చౌకట్టుతో సహా ఊడదీశాడు. కింద రాతి గడప మిగిలింది. చాలా లోతుగా దిగి ఉంది, తీస్తే కూలీ పెరుగుతుందన్నాడు. దాని మీదే గోడ లేపేయమన్నాను.

ఆ మాట విని అమ్మ వచ్చింది. ప్రతి శుక్రవారం ఆ గడపకు పసుపు రాసి బొట్లు పెట్టేది ఆమే.

"గడపను ఉంచి దర్వాజ మూస్తరారా ఎవలన్న? మూసేటట్టుంటె గడప గూడ తియ్యాలె. గడప ఉన్నకాడ ఒకలు పోవాలె, ఒకలు రావాలె."

"ఎవలు రావాలె, బర్రెలా? వాటి అడ్రస్ ఇప్పుడు బహదూర్‌పురా."

ఖాదర్ భాయ్ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. గోడ లేచింది.

పని పూర్తయిన కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం దుకాణం మూసి ఇంటికి వచ్చాను. వంటింట్లోంచి దబదబ చప్పుడు. కొత్త దర్వాజా బార్లా తెరిచి ఉంది. దానికింకా గడియ కూడా పెట్టించలేదు. లోపల అమ్మ ఆ తెరిచిన దర్వాజాకు వీపు పెట్టి, కొత్త గోడను రెండు అరచేతులతో బాదుతోంది. పొయ్యి మీద పప్పు మాడి గదంతా పొగ. భుజం పట్టుకుంటే ఉలిక్కిపడింది.

"అవుతల గొళ్లెం పెట్టిండ్రురా. ఎంత పిల్చినా తీస్తలేరు."

ఆ తర్వాత ఇంకోసారి అదే జరిగింది. అప్పుడు చూసింది సునీత. ఏళ్ల తరబడి అటే నడిచిన కాళ్లు కదా, అలవాటేమో అంది. కానీ వెనక అంత దర్వాజా తెరిచి ఉంటే మనిషికి కనబడదా? డాక్టరుకు చూపిస్తే మతిమరుపు మొదలై ఉండొచ్చు, పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకండి అన్నాడు.

అంతే, అమ్మకు వంటిల్లు బంద్. సునీత లైటర్‌ను బీరువాలో దాచింది. జీవితమంతా వండిపెట్టిన మనిషి హాల్లో చుట్టంలా కూర్చుంది. ఏమడిగినా ఒకటే జవాబు, "నన్నెందుకు అడుగుతరు, నాకు మతి లేదు గద." నా జోకులకు నవ్వడం కూడా మానేసింది.

ఒక ఆదివారం పగలు సునీత బట్టలు కొనడానికి పత్తర్‌గట్టికి వెళ్లింది. నేను చాయ్ కోసం పొయ్యి మీద పాలు పెట్టి, చక్కెర డబ్బా కోసం వంగి లేచాను. గదిలో వెలుతురు తగ్గినట్టనిపించింది. తిరిగి చూస్తే హాలు దర్వాజా లేదు. అక్కడ పొగచూరిన సున్నం గోడ ఉంది. నా చిన్నప్పటి గోడ.

నిజం చెప్తున్నాను, మొదట నవ్వొచ్చింది. అందరితో ఆడుకునే నాతో ఎవరో ఆడుకుంటున్నారనుకున్నాను. కొట్టం వైపు చూస్తే పాత దర్వాజా మూసి ఉంది. నెట్టాను. అవతల గొళ్లెం గలగలలాడింది తప్ప ఊడలేదు. భుజంతో గుద్దాను. తలుపు సందులోంచి పేడ వాసన, తడిసిన గడ్డి వాసన. ఏదో పెద్ద ప్రాణి అవతలినుంచి తలుపుకు ఆనుకుని బరువుగా ఊపిరి తీస్తోంది.

పాలు పొంగి మంట ఆరిన చప్పుడైంది. తర్వాత గ్యాస్ వాసన. పొయ్యి కట్టేయాలని తెలుసు, అది ఎటుందో తెలియడం లేదు. చేతులు చాపితే అన్ని వైపులా గోడే. అరిచాను. నా అరుపు గది దాటి పోతున్నట్టు లేదు. ఎంతసేపు అరిచానో చెప్పలేను.

వెనకనుంచి ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది.

"ఇటు తిరుగు బిడ్డా. అటు చూడకు, ఇటు తిరుగు."

తిరిగాను. ఎదురుగా తెరిచిన దర్వాజా, హాలు, తిరుగుతున్న ఫ్యాను. పొయ్యిని అమ్మ అప్పటికే కట్టేసింది. నేను నెట్టింది టైల్స్ గోడనే. అరచేతిలో సన్నటి చెక్క పేడు దిగి ఉంది. టైల్స్ గోడకు చెక్క ఎక్కడిది? పోపు డబ్బాల అరకు తగిలి ఉంటుందని సునీత తర్వాత అంది. కావచ్చు.

అమ్మ నా అరచెయ్యి తిప్పి చూసింది. "గొళ్లెం ఉండె గద?" అంది. తలూపాను. ఆ రోజు అమ్మ ఏడ్చింది. చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నది కూడా ఆ రోజే.

జరిగింది సునీతకు చెప్తే, చివర్లో జోకు వస్తుందని మొహం నవ్వుకు సిద్ధం చేసుకుని కూర్చుంది. డాక్టరయితే అమ్మ కోసం కథ అల్లాననుకుని ఆగకుండా నవ్వాడు, మీ అమ్మగారంటే మీకు చాలా ప్రేమండీ అన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగుతూ అమ్మ అంది, "నన్ను పిచ్చిదన్నరు, నిన్ను చూసి నవ్విండ్రు. నీదే నయం."

గోడ విప్పితే తప్ప ఆ గడప రాయి రాదంటాడు ఖాదర్ భాయ్. విప్పితే గ్రానైట్ బండ పగులుతుంది. మళ్లీ మొదటినుంచి పని చేయించే తాహతు ఇప్పుడు మాకు లేదు. గడప అలాగే ఉంది.

లొల్లి చేసి లైటర్‌ను అమ్మ చేతికి ఇప్పించాను. ఆమె వండుతున్నంతసేపూ హాలు దర్వాజాలో ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడతాను. దుకాణం ఆగినా సరే. గల్లీవాళ్లు వాచ్‌మన్ అని పేరు పెట్టారు. ఉల్లిగడ్డ తరుగుతూ తరుగుతూ అమ్మ వెనక్కి తిరగకుండానే అడుగుతుంది, "ఉన్నవారా?"

"ఉన్న."

ఆ రోజు నన్ను బంధించింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఎంత ఆలోచించినా ఏ లెక్కా కుదరలేదు. కాలు మాత్రం తీయను.