స్పెయిన్ వెలుగు, మిర్చి గోతాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి ఉండే ధైర్యం, ఆ తర్వాత ఎన్ని ప్రమోషన్లు వచ్చినా మళ్లీ రాదు. గుంటూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెప్పడానికి నన్ను తాత్కాలికంగా తీసుకున్న ఏడాది, పాత స్పానిష్ నవలల్లో వెలుగు గురించి సెమినారులో మాట్లాడతానని నేనే చెయ్యెత్తాను. (స్పానిష్ నాకు ఒక్క ముక్క రాదు. చదివినవన్నీ ఇంగ్లీషు అనువాదాలే.) ప్రసంగం బాగుంటే వచ్చే ఏడాదీ ఉంచుతామన్నారు ప్రిన్సిపాల్ గారు. బాగోకపోతే ఏమిటన్నది ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

తెర మీద చూపించడానికి రోజుల తరబడి బొమ్మలు పోగుచేశాను. కొవ్వొత్తి వెలుగులో ముఖాలు, ఎండకు పాలిపోయిన సున్నపు గోడలు, అబ్బో, చాలానే. తీరా ఆ పొద్దున హాల్లో ప్రొజెక్టరు పెట్టి చూస్తే తెర మీద ఏమీ లేదు. మార్చి ఎండ, కిటికీలకు కర్టెన్లు లేవు. మిర్చి యార్డులో గుమస్తాగా ఉన్న మా అన్నయ్యకు ఏడుపు గొంతుతో ఫోన్ చేశాను. కిటికీలకు కట్టడానికి ఏదైనా పంపమంటే, కాసేపటికే ఆటో నిండా ఖాళీ గోతాలు పంపాడు. "దులిపించే పంపిస్తన్నాలే, నువ్వేం కంగారుపడబాక" అన్నాడు.

అటెండరు సాయంతో గోతాలు కట్టేసరికి హాలు సినిమా హాలైపోయింది. ఆ నవలల్లో మిట్టమధ్యాహ్నపు ఎండ నిజాన్ని చూపించదని, కళ్లు జిగేల్మనిపించి మోసం చేస్తుందని, చిన్న దీపం దగ్గరే మనిషి ఉన్నదున్నట్టు కనిపిస్తాడని గంభీరంగా మొదలుపెట్టాను. ఇంతలో ఉక్కగా ఉందని ఎవరో ఫ్యాన్లన్నీ వేశారు. మొదటి తుమ్ము ప్రిన్సిపాల్ గారిది. రెండోది ఎవరిదో తెలిసేలోపే హాలంతా దగ్గులు, తుమ్ములు. నేను మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఇంకో రెండు వాక్యాలు చదివాను. (సాహిత్యం ముందు మిరపఘాటెంత అనుకునే వయసు.) మూడో వాక్యానికి వినేవాళ్లు లేరు. అందరూ గ్రౌండులో ఉన్నారు.

ఎర్రబడ్డ కళ్లు తుడుచుకుంటూ ప్రిన్సిపాల్ గారు, మిగతాది ఇక్కడే కానివ్వమన్నారు. ఎండలో కాగితాలు తెరిచాను. ధగధగలాడే తెల్లదనం తప్ప ఒక్క అక్షరం కనబడలేదు. నా ఉద్యోగం ఆ తెల్లదనంలో కలిసిపోతున్నట్టే అనిపించింది. ఎవరేం చెప్పినా "పాయింటుకి రండి" అనే సీనియర్ లెక్చరర్ (పిల్లలు పాయింటు మేష్టారనేవారు) ఎదురుగానే నిలబడి చూస్తున్నారు. చేసేది లేక ఉన్నమాట చెప్పేశాను.

"వెలుగు ఎక్కువై కాగితం కనబడట్లేదండీ. ఆ నవలలు చెప్పేది కూడా ఇదేనండీ."

"ఇప్పుడొచ్చారు పాయింటుకి" అన్నారాయన, ముక్కు చీదుకుంటూ.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితాలు మడిచేసి, దూరాన మెరిసే పట్నాన్ని చూసి ఆశపడి ఇల్లు వదిలే కుర్రాళ్ల గురించి, తిరిగొచ్చాక వంటింటి దీపం దగ్గర తల్లి ముఖాన్ని మొదటిసారి సరిగ్గా చూసుకోవడం గురించి, నోటికొచ్చినట్టు చెప్పుకుపోయాను. మాడిపోయే ఎండలో కూడా ఎవరూ కదల్లేదు. మర్నాడు ప్రిన్సిపాల్ గారు పిలిచి, వచ్చే ఏడాదికి నన్ను ఖాయం చేశారు. కర్టెన్లు కూడా కొంటామన్నారు.

అసలు సంగతి ఇంటి దగ్గర జరిగింది. అన్నయ్యకు కాలేజీ కబురు ముక్కలు ముక్కలుగా అందింది, వాడు దాన్ని ఇంకా ముక్కలు చేసి అమ్మకు చెప్పాడు. నేను వెళ్లేసరికి అమ్మ పక్కింటి అత్తయ్యగారితో అంటోంది: "స్పెయిను గురించి మా పిల్ల చెప్తావుంటే హాలు హాలంతా కళ్లనీళ్లు పెట్టుకున్నారంట వదినా."

సరిదిద్దుదామని నోరు తెరిచాను. అమ్మ ముఖం చూసి మళ్లీ మూసుకున్నాను.

ఆ తర్వాత చాలా ఊళ్లలో, చల్లటి హాళ్లలో మాట్లాడాను. చప్పట్లు కొట్టారు, శాలువాలు కప్పారు. ఒక్కరి కన్ను కూడా తడవలేదు.